అడవి పక్కన అయిదు రోజులు

మా జేజి, అంటే మా నాయనమ్మ, ఇప్పటికీ ఒక మాట అంటుంది: “ఆ ఏడే గదా అడివికి తాళమేసినారు.”

ఆ ఏడంటే 1989. శేషాచలం కొండల్లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల అడవిని శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఏడు. అంతకు నాలుగేళ్ల ముందే అది అభయారణ్యం అయింది. జేజికి ఈ పేర్లు, అంకెలు తెలియవు. ఎప్పుడూ మేకలు తోలుకుపోయే దారిలో ఒకరోజు గార్డు నిలబడి “ఇంకమీదట రాకూడదమ్మా” అన్నాడని తెలుసు. అడవికి తాళం ఎలా వేస్తారా అని చిన్నప్పుడు చాలా ఆలోచించేవాణ్ణి. కొండ చుట్టూ తలుపులు ఉంటాయేమోనని వెతికాను కూడా.

ఇప్పుడు నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కామర్స్ చెబుతున్నాను. ప్రతి ఏడూ మొదటి నెలలోనే బోర్డు మీద రాసే సూత్రం ఒకటుంది: పుచ్చుకునేవారి ఖాతాకు డెబిట్, ఇచ్చేవారి ఖాతాకు క్రెడిట్. అడవిని కాపాడటం వల్ల పుచ్చుకునేది ఎవరు, ఇచ్చేది ఎవరు? ఈ ప్రశ్న ఎన్నో ఏళ్లుగా నన్ను వదలడం లేదు. అందుకే ఈ సంక్రాంతి సెలవుల్లో, కనుమ దాటిన మర్నాడు, ఒక నోటు పుస్తకం సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

మొదటి రోజు: రంగంపేట, కల్యాణి డ్యామ్, నెరబైలు

తిరుపతి బస్టాండులో పండక్కి ఊరెళ్లి తిరిగొస్తున్న జనం. నేను ఎదురు దిక్కుకు పోతున్నాను కాబట్టి సీటు దొరికింది. చంద్రగిరి దాటి రంగంపేట చేరేసరికి ఎండ ముదిరింది. ముందు రోజు జరిగిన పశువుల పండుగ ఆనవాళ్లు వీధుల్లో ఇంకా ఉన్నాయి. ఎద్దుల కొమ్ములకు కట్టిన పలకను లాక్కున్న కుర్రవాడొకడు దాన్ని టీ కొట్టు గోడకు ఆనించి, వచ్చిన వాళ్లందరికీ చూపిస్తున్నాడు. టీ పోస్తున్న పెద్దాయన్ని, ఊళ్లో ఎద్దులు ఎన్ని మిగిలాయని అడిగాను.

“పండక్కి మాత్రం వస్తాయి సామీ. ముందు మాదిరి మేపేదానికి యాడుంది? గడ్డి కొనాల. కొని మేపితే ఎద్దు బంగారమైపోతాది” అన్నాడు.

అక్కడి నుంచి ఆటోలో కల్యాణి డ్యామ్‌కు వెళ్లాను. 1977లో పూర్తయిన డ్యామ్ ఇది. తిరుపతిలో కొళాయి తిప్పి బిందె పట్టుకునే ఆడవాళ్లలో చాలామందికి ఆ నీళ్లలో కొంత ఇక్కడి నుంచే వస్తుందని తెలియదు. కట్ట మీద నిలబడితే వెనక అంతా శేషాచలమే. ఈశాన్య రుతుపవనాల వానలు ఆ కొండల మీద కురిసి, చెట్ల కింది ఆకుల పొరలో ఇంకి, రాతి పగుళ్లలోంచి చిన్న చిన్న వాగులై నెమ్మదిగా దిగుతాయి. చెట్టు లేని బోడికొండ అయితే అదే వాన ఒక్క పూటలో మట్టితో సహా కొట్టుకొచ్చేస్తుంది. డ్యాములో నీళ్లకు బదులు పూడిక పేరుకుంటుంది. తిరుమల పైన గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు నిండేదీ ఈ అడవి దయతోనే. కొండ మీద స్నానానికీ వంటకీ భక్తులు వాడుకునే నీళ్లలో చాలా భాగం ఆ చెట్ల వేళ్ల మధ్య నుంచి వచ్చిందే.

నోటు పుస్తకంలో మొదటి పద్దు రాశాను. పుచ్చుకునేవారు: తిరుపతి పట్టణం, తిరుమల వచ్చే భక్తులు. ఇచ్చేవారు: ఆ వైపు రాస్తుండగా టీ కొట్టు పెద్దాయన గుర్తొచ్చాడు. ఆయన ఎద్దుకు గడ్డి కొంటున్న డబ్బు ఏ నీటి బిల్లులోనూ కనిపించదు.

భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి, సాయంత్రానికి నెరబైలు దగ్గర మా చిన్నాన్న వాళ్ల పల్లె చేరాను. పిన్నమ్మ రాగి సంగటి కెలికి, అనపగింజల కూర వండి పెట్టింది. జనవరిలో ఆ కూర తినకపోతే నాకు పండగ వచ్చినట్టే ఉండదు. జేజి నా పక్కనే కూర్చుని, చెవి సరిగా వినపడకపోయినా, అన్ని మాటల్లోనూ తలదూర్చింది.

ఒకప్పుడు మా ఇంట్లో ఎనభై మేకలుండేవి. ఇప్పుడు పద్దెనిమిది. జాతీయ ఉద్యానవనంలో పశువుల మేత కూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే చెబుతోంది. మేత పోయాక మంద తగ్గింది, మంద తగ్గాక పెంట తగ్గింది, పెంట తగ్గాక చెనిక్కాయల చేనుకు ఎరువు కొనాల్సి వచ్చింది. ఒక తలుపు మూస్తే ఇల్లంతా చీకటి పడినట్టు, ఒకదాని వెంట ఒకటి.

“పోయిన ఏడు చిరుత మేకను కొట్టింది గదా, దానికన్నా డబ్బులొచ్చినాయా?” అని చిన్నాన్నను అడిగాను.

“యాడొచ్చినాయి నాయనా! కంపు కొడతాదని తెల్లారేలోపల పూడ్చేస్తిమి. ఫోటో కావాల, పశువుల డాక్టరు చూడాల అని తర్వాత చెప్పినారు. పూడ్చినదాన్ని మళ్లా తవ్వుతామా?”

మేక ఖరీదు ఆయనకు రెండు నెలల ఇంటి సరుకులు. ఆ రాత్రి దొడ్డి పక్కన మంచమేసుకుని పడుకున్నాడు. రోజూ అంతేనట.

రెండో రోజు: తలకోన

తెల్లవారుజామున చిన్నాన్న కొడుకు బండి మీద తలకోన వెళ్లాం. వాడు అక్కడే పని చేస్తాడు. వారాంతంలో వచ్చే జనాన్ని దారి పట్టిస్తాడు, మిగతా రోజుల్లో చెత్త ఏరతాడు, మంటలు రాకుండా గీతలు గీస్తాడు. వేసవికి ముందు అడవిలో గడ్డినీ ఆకులనూ ఊడ్చి మట్టి దారి చేస్తే, పక్కన నిప్పంటుకున్నా అక్కడ ఆగిపోతుంది. దాన్నే వీళ్లు గీతలు అంటారు.

పొద్దున్నే వెళ్లడం మంచిదైంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర కోతులు తప్ప ఎవరూ లేరు. గుడి వెనక నుంచి ఎక్కే దారిలో మద్ది చెట్లూ మామిడి చెట్లూ కమ్ముకుని ఉన్నాయి. ఏనుగు తొండమంత లావు గిల్లతీగ ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి, అక్కడి నుంచి ఎక్కడికో పాకిపోయింది. దాని మొదలు ఎక్కడో, చివర ఎక్కడో మా తమ్ముడికీ తెలియదు. 270 అడుగుల పైనుంచి నీళ్లు పడుతున్నాయి. జనవరి కాబట్టి ధార సన్నబడింది. గాలికి తెరలా అటూ ఇటూ ఊగుతూ, రాతిని తాకేలోపలే సగం తుంపరై పోతోంది. ఆ తుంపరలో చాలాసేపు నిలబడ్డాను. జేజి చెప్పే తాళం అక్కడ నాకు తప్పుగా అనిపించలేదు. ఆ తాళం లేకపోతే ఈ చెట్లు ఉండేవి కావు. నెరబైలు చుట్టూ గట్ల మీద ఒకప్పటి అడవి ఎలా పోయిందో నా కళ్లతో చూశాను.

పదింటికి కార్లు రావడం మొదలైంది. టికెట్టు, పార్కింగ్, చెట్ల కొమ్మల మధ్య కట్టిన తాళ్ల వంతెన, క్యాంటీన్. ఇక్కడి పర్యాటకంలో స్థానిక వన సంరక్షణ సమితికి చోటుంది. అడవిని జనంతో కలిసి కాపాడాలన్న ఉమ్మడి అటవీ యాజమాన్యం మన రాష్ట్రంలో 1992లో మొదలైంది. ఈ సమితులు అప్పటివే. మా తమ్ముడి జీతం అందులోంచే వస్తుంది.

దారి పక్కన ఉడకబెట్టిన చెనిక్కాయలు, మిరపకాయ బజ్జీలు అమ్మే అక్క ఒకామె దగ్గర కూర్చున్నాను. ఆమె చిన్నప్పుడు అమ్మతో కలిసి అడవిలో కుంకుడుకాయలు, ఉసిరికాయలు, పరకల కోసం ఈతాకు తెచ్చేదట.

“అప్పుడు ఎక్కువ వచ్చేదా, ఇప్పుడా?” అన్నాను.

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. బజ్జీలు తిప్పి, తీసి, గిన్నెలో పోసింది. “ఇప్పుడు శని ఆదివారాల్లో చేతికి కనపడేంత వస్తాదన్నా. అప్పుడు రోజూ కొంచెం కొంచెం. కానీ అప్పుడు ఎవురినీ నమ్ముకోలేదు. ఇప్పుడు వాన పడి జలపాతం మూసేస్తే మా పొయ్యీ మూసినట్టే. కరోనా అప్పుడు ఎన్ని నెలలు కూసున్నామో నాకే తెలుసు.”

పుస్తకంలో ఒక పేజీ మొత్తం ఆమె మాటే రాసుకున్నాను. అటవీ ఫలసాయం అంటే పల్లెవాళ్లకు రోజువారీ చిల్లర. అది కరువులోనూ వస్తుంది, పంట పోయిన ఏడూ వస్తుంది. జాతీయ ఉద్యానవనాల్లో, అభయారణ్యాల్లో ఎండిన చెట్టునూ గడ్డినీ కూడా తీయకూడదని 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాక ఆ చిల్లర దాదాపు ఆగిపోయింది. పర్యాటకం ఇచ్చేది మరో రకం డబ్బు. వచ్చినప్పుడు ఎక్కువగా వస్తుంది. రాకపోతే అస్సలు రాదు. పైగా బండి ఉన్నవాడికి, నాలుగు మాటలు మాట్లాడగలిగిన కుర్రవాడికి, రోడ్డు పక్కన జాగా ఉన్న ఇంటికి వస్తుంది. రోడ్డుకు రెండు మైళ్లు లోపల ఉన్న యానాది గిరిజనుల కాలనీకి చేరదు. నేను వెళ్లి చూశాను. తేనె, మూలికలు, ఉడుములు, చేపలు తెలిసిన జనం ఇప్పుడు మామిడి తోపుల్లో కాపలా కూలీకి ఉంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకోసం వచ్చిందే. ఆ చట్టం పేరు మీద తమకేం రావాలో వాళ్లలో ఒక్కరికీ ఎవరూ చెప్పలేదు.

కోస్టారికాలో, థాయ్‌లాండ్‌లో రక్షిత అడవుల పక్కన పల్లెల్లో పేదరికం పెరగలేదు, తగ్గిందని 2010లో ఒక అధ్యయనం చెప్పింది. నాలుగేళ్ల తర్వాత కోస్టారికా లెక్కలే మళ్లీ విప్పి చూస్తే, ఆ తగ్గినదానిలో దాదాపు మూడింట రెండు వంతులు పర్యాటకం తెచ్చిన అవకాశాల వల్లేనని తేలింది. అది చదివినప్పుడు నాకు చాలా ఆశ కలిగింది. తలకోనలో ఆ ఆశ కళ్ల ముందు కనిపించింది కూడా: బజ్జీల అక్క కూతురు తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది. కానీ ఆ అక్క బండికీ యానాది కాలనీకీ మధ్య ఉన్న రెండు మైళ్లు ఏ సగటు లెక్కలోనూ కనిపించవు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక తోట గట్టు మీద వరసగా ఎర్రచందనం చెట్లు చూశాను. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, వెలికొండ, లంకమల, పాలకొండ, నల్లమలలో కొంత. 1995 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. 2021లో మళ్లీ ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికకెక్కింది. అంత విలువైన చెట్టు పక్కనే ఉండి ఈ పల్లెలు ఏం బాగుపడ్డాయి? దొంగతనంగా నరికిన దుంగల డబ్బు ఎక్కడో పెద్దవాళ్ల దగ్గరికి పోయింది. కూలికి వచ్చిన వాళ్లు చావులు తెచ్చుకున్నారు. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలంలోనే తమిళనాడు కూలీలు 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు తిరుపతి ఆసుపత్రి ముందు గుమిగూడిన జనం నాకింకా గుర్తు. దుంగలు మోసేవాడికీ, వాణ్ణి ఆపడానికి రాత్రంతా కొండల్లో తిరిగే వాచర్‌కూ ఇంట్లో ఒకే రకం పేదరికం. ఆ మాట అప్పుడూ ఎవరూ గట్టిగా అనలేదు.

తోట యజమాని మాత్రం నెమ్మదిగా ఒక మంచి మాట చెప్పాడు. పట్టా భూమిలో ఎర్రచందనం పెంచిన రైతులకు జీవవైవిధ్య చట్టం కింద అమ్మకంలో వాటా వస్తోందట. “చెట్టు కోతకు రావాలంటే నా కొడుకు ముసలోడు కావాల. కానీ నాది అని చెప్పుకునేదానికి ఒక చెట్టుండాది” అన్నాడు.

మూడో రోజు: పలమనేరు, ఏనుగుల రాత్రి

పీలేరు, పుంగనూరు మీదుగా పలమనేరు. బస్సులో నిద్రపోయాను.

నా దగ్గర చదివిన కుర్రవాడు ఒకడు పలమనేరు దగ్గర కౌండిన్య అడవి అంచున వ్యవసాయం చేస్తున్నాడు. ఊరి పేరు రాయవద్దన్నాడు, రాయను. వాళ్ల నాన్న టమోటా, రాగి, కొంత వరి పెడతాడు. ఒకప్పుడు చెరకు వేసేవాడు. మానేశాడు. “చెరకు ఏస్తే పిలిచినట్టే సార్” అన్నాడు నా విద్యార్థి.

ఈ ప్రాంతానికి ఏనుగులు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత 1980లలో తిరిగొచ్చాయి. తమిళనాడు, కర్ణాటక అడవుల్లో కరువూ ఇరుకూ పెరిగి ఇటు నడిచాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు, సుమారు 357 చదరపు కిలోమీటర్లు. అంకె పెద్దగానే కనిపిస్తుంది. మ్యాపులో చూస్తే అది సన్నగా, పొడుగ్గా, చిరిగిన గుడ్డ పేలికలా ఉంటుంది. ఎటు నడిచినా కాసేపటికే ఒక పొలం తగులుతుంది. రోజుకు 150 కిలోల మేత కావాల్సిన జంతువు, పక్కనే పండిన రాగి చేను వాసన వస్తుంటే, ఎండిన కొండ మీదికి ఎందుకు పోతుంది?

రాత్రి ఎనిమిదింటికి ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. చెరువు పై గట్టు మీద ఏడు ఉన్నాయి, రెండు పిల్లలు. ఇంట్లో అందరి ముఖాలూ మారిపోయాయి. పెద్దాయన టార్చి, టపాసులు, పాత నూనె డబ్బా తీసుకుని మంచె మీదికి బయలుదేరాడు. నన్ను వద్దన్నారు. పట్టుబట్టి వెళ్లాను.

చలి. మంచె మీద గోనెపట్ట కప్పుకుని నలుగురం కూర్చున్నాం. పదకొండు దాటాక ముందు శబ్దం వినిపించలేదు, వాసన వచ్చింది. తడి మట్టి, నలిగిన ఆకు కలిసిన వాసన. తర్వాత పక్క తోపులో కొమ్మ విరిగింది. తుపాకీ పేలినట్టుంది ఆ చప్పుడు. పెద్దాయన డబ్బా మోగించాడు. చుట్టుపక్కల మంచెల మీద నుంచి కూడా డబ్బాలు, అరుపులు, టపాసులు. చీకట్లో నల్లటి గోడ ఒకటి కదిలినట్టు కనిపించింది, అంతే. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. నేను ఒక్క రాత్రి కూర్చున్నాను. వాళ్లు పంట పూతకొచ్చినప్పటి నుంచి కోత అయ్యేదాకా కూర్చుంటారు.

తెల్లవారి చూస్తే పక్క రైతు పొలంలో సోలార్ కంచె మీద ఒక చెట్టు పడి ఉంది. ఏనుగులు చెట్టును తోసి కంచె మీద పడేస్తాయి, ఆ తర్వాత తీగ దాటి వస్తాయి. ఆ తెలివి చూసి అక్కడున్న ముసలాయన ఒకాయన దండం పెట్టాడు. “వినాయకుడు గదా సామీ, తిట్టలేం. తిట్టకుండా ఉండలేం.” రాగి చేను సగం తొక్కుడు పడింది. డ్రిప్పు పైపులు నలిగిపోయి, నీళ్లు గుంటల్లాంటి అడుగుల్లో నిలిచి ఉన్నాయి. ఒక్కో అడుగు మా ఇంట్లో అన్నం వార్చే తపేలా అంత.

పంట నష్టానికి పరిహారం ఉంది, నిజమే. కానీ అది పంటకే. పైపులకు, వంగిన సిమెంటు స్తంభానికి, నిద్రకు ఎవరిస్తారు? పట్టాదారు పాసుపుస్తకం చూపాలి కాబట్టి కౌలు రైతు పేరు మీద రాదు. ఆ పొలం వేసింది కౌలు రైతే. ఇంకో నష్టం నా విద్యార్థి తల వంచుకుని చెప్పాడు. “ఏనుగులొచ్చే ఊరంటే పిల్లనియ్యరు సార్. రెండు సంబంధాలు వచ్చి పోయినాయి.” నా పుస్తకంలో దీనికి ఏ ఖాతా పెట్టాలో తెలియలేదు.

ఏనుగులు ఉండటం వల్ల లాభపడుతున్నది నేనే. బెంగళూరులో, తిరుపతిలో కూర్చుని, మన రాష్ట్రంలో ఏనుగుల మందలు ఉన్నాయని గర్వపడే వాళ్లందరం. ఆ గర్వానికి మనం పైసా కట్టడం లేదు. ఈ ఊరు కడుతోంది.

నాలుగో రోజు: ముసలిమడుగు, చిత్తూరు బస్సు

పొద్దున ముసలిమడుగు వైపు వెళ్లాం. 2025 మే నెలలో కర్ణాటక మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. శిక్షణ పొందిన ఈ ఏనుగులు అడవి ఏనుగులను పొలాల నుంచి వెనక్కి మళ్లిస్తాయి. వాటి శిబిరం ఇక్కడే. దూరం నుంచి చూశాను, లోపలికి వెళ్లలేదు. వాటి రాకతో ఊళ్లలో కొంచెం ధైర్యం వచ్చిందని నా విద్యార్థి అన్నాడు. మావటి పనికి స్థానిక కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు నేర్చుకోవాలని తిరుగుతున్నారట.

చిత్తూరు బస్సులో నా పక్కన కుప్పం వైపు గ్రానైట్ క్వారీలో పని చేసిన మనిషి కూర్చున్నాడు. అభయారణ్యం దగ్గరగా ఉందని క్వారీ ఆగిపోయిందట. జాతీయ ఉద్యానవనాలకూ అభయారణ్యాలకూ కిలోమీటరు లోపల గనుల తవ్వకం కూడదని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో కూడా గట్టిగా చెప్పింది. ఆ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతున్నాను. కొండను కోసేశాక ఏ చట్టమూ దాన్ని తిరిగి నిలబెట్టలేదు. కానీ క్వారీ యజమానికి వేరే చోట ఇంకో క్వారీ ఉంది. ఈ మనిషి మాత్రం బెంగళూరులో సెక్యూరిటీ పని వెతుక్కున్నాడు, పండక్కి ఊరొచ్చి తిరిగి వెళ్లే ముందు చిత్తూరులో అక్కను చూసి పోవాలనుకుంటున్నాడు. మూసేటప్పుడు నోటీసు యజమానికి ఇస్తారు. కూలికి ఎవరూ ఇవ్వరు.

రాత్రికి తిరుపతిలో ఇంట్లో ఉన్నాను.

అయిదో రోజు: నేలపట్టు

శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి జాతీయ రహదారి దిగితే రెండు కిలోమీటర్లలో నేలపట్టు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఇది నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1976 నుంచి పక్షుల అభయారణ్యం. మొత్తం 458 హెక్టార్లే. కౌండిన్య పక్కన పెడితే పెరటి తోట.

చెరువులో నీళ్లలోనే నిలబడిన నీటికడప చెట్ల మీద, ఆకు కనిపించనంత తెల్లగా, గూడబాతులు. పొదిగేవి కొన్ని, పిల్లలకు మేత పెట్టేవి కొన్ని. పులికాట్ సరస్సు దాకా ఎగిరివెళ్లి గొంతు సంచిలో చేపలు నింపుకొస్తాయి. పిల్ల తన తలంతా తల్లి నోట్లో దూర్చి తింటుంది. నత్తగొట్టు కొంగలు, కంకణాలు, నీటికాకులు కూడా ఉన్నాయి. ఆ గోల ఒక సంతలా ఉంది. రెండు గంటలు చూసినా చాలలేదు.

కట్ట దిగి ఇవతలికి వస్తే వరి మడి. ఒక రైతు పారతో మడవ తిప్పుతున్నాడు. కాలువలో వస్తున్న నీళ్లు పచ్చగా, చిక్కగా ఉన్నాయి.

“ఈ నీళ్లు ఇలా ఎందుకున్నాయన్నా?”

“పైన అన్ని పిట్టలుండాయి గదా. రెట్టంతా చెరువులోనే పడతాది. ఆ నీళ్లు పారితే యూరియా సగం తగ్గిచ్చేస్తాం. మా తాతల నుంచీ అంతే.” ఆయన మడవకు మట్టి వేసి, కాలితో తొక్కి, నా వైపు చూశాడు. “పిట్టలు రాకపోతే ఆ ఏడు వాన లేదని లెక్క. పిలకాయలు రాయేస్తే ఊర్లో పెద్దోళ్లే ఊరుకోరు.”

నేను గట్టు మీద కూర్చుండిపోయాను. నాలుగు రోజులుగా రాసుకున్న పద్దుల్లో ఇచ్చేవాళ్లు ఒకచోట, పుచ్చుకునేవాళ్లు ఎక్కడో దూరంగా. ఇక్కడ ఒకే మనిషి రెండు వైపులా ఉన్నాడు. పక్షి రెట్ట నీళ్లలో పడి, నీళ్లు కాలువలో పడి, కాలువ ఆయన మడిలో పడుతోంది. మధ్యలో దరఖాస్తు లేదు, పాసుపుస్తకం లేదు, శని ఆదివారాలు లేవు. కౌలు రైతు మడికీ అదే నీళ్లు. దూరం నుంచి పక్షులను చూడటానికి వచ్చే నాలాంటి వాళ్లు లేకపోయినా ఆయనకు వాటితో పని ఉంది.

ఇలాంటి లెక్క అన్నిచోట్లా కుదరదని తెలుసు. చిరుత రెట్టతో చేను పండదు. సూళ్లూరుపేట దాకా వెళ్తే, పులికాట్ ముఖద్వారం ఇసుకతో పూడుకుపోయి చేప తగ్గిందని జాలర్లు వేరే కథ చెబుతారు. ఫ్లెమింగోల పండుగకు లక్షల మంది వచ్చిపోయినా వాళ్ల వలలో చేప పడదు. అయినా అడవి పక్క ఊరికి రావాల్సింది దయగా కాకుండా, ఈ నీళ్లలా, తన పొలంలోకి తానే మళ్లించుకునేలా రావాలని నాకు గట్టిగా అనిపించింది. తిరుపతి కొళాయి నీటి సొమ్ములో ఒక భాగం రంగంపేట గడ్డికి, తలకోన టికెట్టులో ఒక భాగం యానాది కాలనీకి హక్కుగా రాసిపెడితే ఎందుకు కుదరదు? ఏనుగు తొక్కిన పొలానికి పాసుపుస్తకం కాకుండా సాగు చేసిన మనిషిని చూసి ఎందుకు ఇవ్వకూడదు?

నాయుడుపేటలో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉండగా చిన్నాన్న ఫోన్ చేశాడు. నేలపట్టు నీళ్ల సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, “దానికి వాళ్లు ఏమన్నా డబ్బు కట్టాల్నా?” అని అడిగాడు. లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు.

తర్వాత అన్నాడు: “రాత్రి మళ్లా వచ్చింది నాయనా. చిన్న మేకను కొట్టేసింది. ఈ తూరి పూడ్చలేదు. మీ తమ్ముడు ఫోటో తీసినాడు. డాక్టరు రేపు వస్తానన్నాడు. అర్జీ ఎట్ట రాయాల్నో నువ్వు చెప్పు.”

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. నోటు పుస్తకం తీసి, పద్దుల పేజీలు దాటేసి, ఖాళీ పేజీలో తేదీ వేసి రాయడం మొదలుపెట్టాను.